ఒక్కతీరు బాల్స్

పంజాగుట్టలో పిన్నులు పడగొట్టే బౌలింగ్ ఆట ఫైనల్. వివేక్ విసిరిన బాల్ చివర్లో లోపలికి తిరగాల్సింది, తిన్నగా పోయి లేన్ పక్క కాలవలో పడింది.

బాల్ మెషీన్‌లోంచి తిరిగి రాగానే ఎత్తి చూశాడు. లోపలి బరువు ఎటుందో చెప్పే ఎర్ర చుక్క బొటనవేలి రంధ్రం పక్కనుంది. ఆ చుక్కకు రంధ్రాలు ఏ వైపు పడ్డాయన్నదాన్ని బట్టి బాల్ నడక మారిపోతుంది.

తన బాల్, ఎదురు ఆడుతున్న రాఘవేందర్ బాల్ ఒకే నీలం రంగు. రెండింటికీ అమీర్‌పేట షాపులో రంధ్రాలు వేసింది తనే. అందుకే ఇది తనది కాదని ఇట్టే పోల్చుకున్నాడు.

"ఏంటి రాఘవేందర్, నా బాల్ మార్చేశావా? సొంత తమ్ముడిలా చూసుకున్నాను. నాకే ద్రోహం చేస్తావా?"

"మార్చిన." రాఘవేందర్ ఒప్పుకున్నాడు. "నెల సంది నా బాల్ తిరుగుతలేదంటే, నీ మణికట్టుల దమ్ము లేదన్నవ్. నమ్మి, చెయ్యి వాచేదాక ప్రాక్టీస్ చేసిన. మనిద్దరి చెయ్యి ఒక్కటే సైజు, హోల్స్ సుత ఒక్కతీర్గనే కొట్టిన అని ఒట్టేసినవ్ కదన్నా. ఒక్కతీర్గ ఉన్నయి మారిస్తే ద్రోహమెట్లయితది?"