చిన్నోడి ‘ఆ’

“వాడు లేచాక వాడినే అడుగు. మధ్యలో నన్నెందుకు పీక్కుతింటావు?” అంది తల్లి, పక్క గది తలుపు వైపు చూస్తూ.

“లేచేదాకా ఆగలేమమ్మా,” అంది కూతురు.

ఎవరైనా ఉచితంగా వాడుకుని, కావలసినట్టు మార్చుకోగలిగే సంగీతం సాఫ్ట్‌వేర్‌ని ఆమె, స్నేహితులు కలిసి తయారుచేస్తున్నారు. ఈ సాయంత్రం రాబోయే కొత్త వెర్షన్‌తోపాటు కొన్ని శబ్దాలు కూడా ఇవ్వాలి. వయొలిన్‌ది, వేణువుది, ఆఖరికి గిన్నె మూతది కూడా తమ్ముడే రికార్డు చేసి, ఒక్కో శబ్దంలోంచి ఒకే ఒక్క కంపనం కత్తిరించి పెట్టాడు. ఆ మూత గోల భరించలేక తల్లి వాణ్ణి వంటింట్లోంచి తరిమింది కూడా. ఇక మిగిలింది వాడి గొంతే. పదహారేళ్ళవాడు కాబట్టి పెద్దవాళ్ళు ఒప్పుకోవాలి.

“‘అమ్మ సరేనంటే నాదీ పెట్టక్కా’ అని నా ప్రాణం తీశాడమ్మా.”

“ఏదీ, వినిపించు.”

కూతురు లాప్‌టాప్‌లో ఒక కీ నొక్కి పట్టుకుంది. ‘ఆ’ అని సన్నగా మొదలై, వేలు తీసేదాకా మోగుతూనే ఉంది. తల్లి తెర మీదికి వంగింది.

“ఇంతసేపు వాడు ఊపిరి పట్టలేడే!”

“వాడిది రెప్పపాటు కూడా లేదమ్మా. ఆ ముక్కనే ఇది మళ్ళీ మళ్ళీ వాయిస్తుంది.”

“ఎవరు వాడుకుంటారు?”

“ఎవరైనా. వాళ్ళెవరో మనకి తెలీదు. ఇది ఎవరిదో వాళ్ళకీ తెలీదు.”

“తర్వాత వద్దనిపిస్తే?”

“వెనక్కి తీసుకోలేం. ఇచ్చామంటే ఇచ్చేసినట్టే.”

“పొద్దుట్నుంచీ అందరూ నన్ను ఇమ్మనేవాళ్ళే!” తల్లి మళ్ళీ ఆ తలుపు వైపు చూసింది. “ముక్కూ మొహం తెలీనివాళ్ళకి నా బిడ్డది ఎలా ఇవ్వనే?”

కూతురు తల్లి చెయ్యి పట్టుకుని కీ మీద పెట్టింది. తల్లి నొక్కింది. వదిలితే ఆగిపోతుందని భయమేసి చాలాసేపు వదల్లేదు.

“ఎక్కడో ఒకచోట మోగుతూనే ఉంటుందంటావా?”

“ఎవరో ఒకరు వాయిస్తున్నంతకాలం.”

“అయితే పెట్టు.”

కూతురు ముక్కు ఎగబీలుస్తూ ఆ ఫైలును మిగతావాటితో చేర్చింది.

పక్క గది తలుపు తెరుచుకుని, లోపలి వెంటిలేటర్ చప్పుడు వినిపించింది. బయటికి వచ్చినాయన చేతిలోని అంగీకారపత్రం చాపి ఏదో అడగబోయి తటపటాయించాడు. తల్లే లేచి నిలబడింది.

“గుండె కూడా తీసుకోండి, డాక్టరుగారూ.”