నల్ల రొట్టె

"మాడగొట్టు" అన్నాడు భిక్షం, తలుపు సందుకు నోరు ఆనించి. "ఇంటున్నవా సాలమ్మా? బొగ్గు చేసి పెట్టు వాళ్లకు."

"జర నోరు మూసుకో. నిన్ను ఇడిపించుకోవాల్నా, వద్దా?"

ఆలుమగల నడుమ ఒక తలుపు, దానికి బయటి నుంచి తాళం. అతను గది లోపల, ఆమె పక్కనే పశువుల కొట్టంలో. దొర గడీకి ఏటేటా ఊరికే ఇవ్వాల్సిన చెప్పులు ఈసారి కుట్టనన్నాడు భిక్షం. అదీ నేరం. లోపల వేసి నాలుగు రోజులైంది. గొంతు ఎండిపోయింది.

గడీ పెద్ద జీతగాడు గుర్వయ్య ఆ రోజు పొద్దున్నే ఆమె గుడిసె ముందుకు వచ్చి నిలబడ్డాడు. తాలూక్‌దార్ సాబ్ ఊళ్లు తనిఖీ చేసే దౌరా మీద వస్తున్నాడు, మధ్యాహ్నం గడీలో దావత్. ఆయన ఒకసారి మక్తల్ తొవ్వలోని మిషన్ బంగళాలో నల్ల రొట్టె తిన్నాడట. పండ్లు పేర్చిన ఆ తియ్య రొట్టే మళ్లీ కావాలన్నాడట. ఆ బంగళాలో వంట చేసేది సాలమ్మే.

"మంచిగ కుదిరితే నీ పెనిమిటిని దొర ఇడిచిపెడ్తడు. కుదరకుంటే ఇగ నీ ఇష్టం" అని గుర్వయ్య వెళ్లిపోయాడు.

బంగళాలో తెల్ల దొరసాని లేదు, ఎండలకు తాళలేక ఊటీ పోయింది. సాలమ్మ అల్మారా తీసి, రొట్టెకు నలుపు తెచ్చే కోకో పొడి డబ్బా కొంగులో చుట్టుకుంది. దొంగతనమే. పైనున్న ప్రభువు చూస్తూనే ఉంటాడు. చూస్తే చూడనీ, నాలుగు రోజుల నుంచి చూస్తూ ఆయన చేసింది మాత్రం ఏముంది?

గడీ వంటింటి గడప ఆమె తొక్కకూడదు. అందుకని కొట్టంలో పేడ పక్కకు తోసి మూడు రాళ్ల పొయ్యి పెట్టించారు. వెన్న కరిగించింది. చక్కెర, గుడ్లు వేసి గిలక్కొట్టింది. మైదా, కోకో జల్లించి కలిపింది. బోగాణి గిన్నె అడుగున ఇసుక పోసి, అందులో పిండి పోసిన రేకు తట్ట దించి, మూత మీద నిప్పులు పరిచింది. కింద నిప్పు, పైన నిప్పు. చెమట కళ్లలోకి కారుతున్నా మూత మీది నుంచి చూపు తిప్పలేదు.

"వాసనొస్తాంది" అన్నాడు భిక్షం కాసేపటికి. "మస్తు వాసన. ఇప్పుడే దించకు. ఇంకొంచెం సేపు ఉంచితే చాలు, దానంతట అదే మాడుతది."

"ఏం మనిషివయ్యా నువ్వు! ఒక్క పూట రొట్టె. వాళ్లు తింటే మన సొమ్మేం పోతది?"

"నా మాట ఇను సాలమ్మా. నన్ను ఇంకో నాలుగొద్దులు ఉంచుకోనీ. నేనేం చావను."

సాలమ్మ చెయ్యి మూత దాకా పోయి ఆగింది. మాడగొట్టడం ఎంత పని? కానీ లోపల ఆ మనిషి దగ్గాడు. ఆ దగ్గు విని ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. గబగబా మూత తీసి తట్ట దించేసింది. నల్లగా, నున్నగా, మధ్యలో కొద్దిగా మెత్తగా, ఎన్నడూ కుదరనంత బాగా కుదిరింది పాడు రొట్టె.

అంతలో గుర్వయ్య మామిడిపండు ముక్కల పళ్లెం పట్టుకొచ్చాడు.

"దూరం జరుగు. పండ్లు నువ్వు ముట్టకు. ఇవి వంట అయ్యగారు కోసిండు" అంటూ రొట్టె మీద నిండుగా మోదుగాకు పరిచి, ఆ ఆకు మీద ముక్కలు పేర్చాడు.

"నడుమ గా ఆకెందుకయ్యా?"

"ఆకు మీదియి దొరకు, ఆకు కిందిది సాబులకు. అందరు ఒక్క పళ్లెంల తిన్నట్టుండాలె, నీ చేతి వంట దొరకు అంటొద్దు."

ఆహా, ఏం తెలివి! పెద్ద కులాన్ని మోసేందుకు ఒక్క మోదుగాకు సరిపోయింది.

పళ్లెం గడీ లోపలికి పోయింది. సాలమ్మ కొట్టం గుంజకు చేరగిలబడి కూర్చుంది. లోపల నవ్వులు, గ్లాసుల చప్పుడు. ఎవరో పెద్దగా "వాహ్" అన్నారు. పొద్దు వాలే వేళకు గుర్వయ్య బయటికొచ్చాడు. అతని చేతిలో తాళంచెవి ఉంది.

భిక్షం గోడ పట్టుకుని బయటికొచ్చాడు. పెదవులు పగిలి ఉన్నాయి. సాలమ్మ అతన్ని రెండు చేతులా పట్టుకుని, సిగ్గు విడిచి, గడీ వాకిట్లోనే బావురుమంది.

"చూసినవా? మాడగొట్టు మాడగొట్టు అంటివి. నీ మాట ఇనుంటే ఈడ్నే కుళ్లిపోతుంటివి."

భిక్షం ఆమె భుజం మీద చెయ్యి వేసి నడిచాడు. ఇద్దరూ గడీ దర్వాజా దాటబోతుంటే వెనక నుంచి గుర్వయ్య కేకేశాడు.

"ఆగుండ్రి! సాబులు నీ చేతిని మస్తు మెచ్చుకున్నరే సాలమ్మా. దొర గీ మాట చెప్పి రమ్మన్నడు."

ఇనామేదో ఇస్తారనుకుంది సాలమ్మ. కళ్లు తుడుచుకుని, వెనక్కి తిరిగి రెండు చేతులూ జోడించింది.

"ఇగ గడీల దావత్ అయినప్పుడల్లా నల్ల రొట్టె మీ ఇంటి వెట్టి. చెప్పులు నీ మొగనియి, గిది నీది, నీ తర్వాత నీ కోడలిది."