పిడికెడు పిండి

రొట్టెలు ఓవెన్‌లో పొంగి, పైన ఎర్రబడుతున్నప్పుడు గుర్తొచ్చింది కోడలికి. పిడికెడు పిండి తీసిపెట్టలేదు!

పిండి దాచే సీసా కోసం వంటింటి గట్టంతా వెతికింది. సీసా కూడా కనిపించలేదు.

పెరుగుకి తోడు ఎలాగో, ఆ ఇంటి రొట్టెకి తోడుపిండి అలాగ. రొట్టె చేసిన ప్రతిసారీ ఉప్పూ, నూనే, ఆకులూ, ఆలివ్‌లూ కలపకముందే ఒక పిడికెడు తీసి, మళ్లీ సీసాలో వేసి దాచాలి. అత్తగారు తన అత్తగారి చేతుల మీదుగా అందుకున్న పిండి అది. కూతురింటికి వెళ్తూ కూడా గుమ్మంలో నిలబడి మరీ చెప్పింది, "ఇంటికి తాళం వెయ్యడం మరిచిపోయినా ఫరవాలేదు గానీ, అది మరిచిపోకమ్మా" అని. ఆవిడ సాయంత్రానికి వచ్చేస్తోంది.

"ఏవండీ!"

ఆ కేకకి భర్త పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది? చెయ్యి కాలిందా?"

"కొంప మునిగింది. తోడుపిండి మొత్తం కలిపేశాను."

"ఓస్, అంతేనా! ఒక రొట్టె బయటికి తీసి, మధ్యలోంచి కాస్త గిల్లు."

"ఉడికిపోయిన పిండి ఇంకేం పులుస్తుందండీ?"

"పోనీ, కలిపిన గిన్నె? అంచులకి అంటుకుని ఉంటుందిగా."

"తోమేశాను. పిండి గిన్నె ఎండనివ్వకూడదని నేర్పింది మీ అమ్మే కదా. అవునూ, ఇక్కడ సీసా ఉండాలి. అడుగున కాస్తయినా ఉంటుంది, మీరేమైనా చూశారా?"

అప్పుడు చూడాలి ఆయన ముఖం. పెళ్లయ్యాక మొట్టమొదటిసారి, ఎవరూ అడక్కుండానే వంటింట్లో ఒక పని చేశాడు పాపం.

"ఖాళీగా ఉందని... శుభ్రంగా వేడినీళ్లతో కడిగి బోర్లించాను."

కోడలు స్టూలు మీద కూలబడింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నన్ను నమ్మి మీ అమ్మ అప్పజెప్పిన మొదటి పని ఇది. ఇక ఈ జన్మలో నా చేతికి గరిటె కూడా ఇవ్వరు."

"ఏడవకు. బజారుకెళ్లి ఈస్ట్ పొట్లం పట్టుకొస్తాను. కాస్త పిండి, కాస్త నీళ్లు కలిపి సీసాలో పోద్దాం. బుడగలు రావడమేగా కావాల్సింది?"

"అత్తయ్య మూత తీసి వాసన చూస్తే చాలు, పట్టేస్తారు."

"పట్టుకున్నప్పుడు చూద్దాంలే."

"మోసం కాదూ?"

"మోసమే. ఇంకో దారుంటే చెప్పు."

ఆమెకీ ఇంకో దారి తోచలేదు.

మధ్యాహ్నానికల్లా సీసాలో బుడగలు వచ్చాయి. ఓవెన్‌లోంచి దిగిన రొట్టెలైతే చెప్పక్కర్లేదు. పైపెంకు పెళపెళలాడుతోంది, కోస్తే లోపల నల్లటి ఆలివ్‌లు, రోజ్‌మేరీ ఆకుల ఘుమఘుమ వీధి దాకా పోతోంది. అంత బాగా ఎప్పుడూ కుదరలేదు. ఇక ముందు ఈ రుచి ఉండదు కదా అని తలుచుకుని కోడలు మరోసారి ఏడ్చింది.

అత్తగారు రానే వచ్చింది. మామూలుగా అయితే చెప్పులు విడుస్తూనే "పిండెలా ఉంది?" అని అడిగే మనిషి, ఆ ఊసే ఎత్తలేదు. కుర్చీలో కూర్చుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, ఇచ్చిన రొట్టె ముక్క తలవంచుకుని నమిలింది.

"బాగుంది," అంది, కోడలి ముఖంలోకి చూడకుండా.

అయిపోయింది, పట్టేసిందనుకుంది కోడలు. భర్త రొట్టె తింటూ ఇంటికప్పు పరిశీలిస్తున్నాడు.

"కాసిని మంచినీళ్లు తాగొస్తాను," అంటూ అత్తగారు లేచింది.

"నేను తెస్తాను కదత్తయ్యా."

"వద్దొద్దు, నువ్వు కూర్చో," అని చేతిసంచితో సహా వంటింట్లోకి వెళ్లింది. వెళ్లిన మనిషి ఎంతకీ రాలేదు. ఫ్రిజ్ తలుపు తీసిన చప్పుడు మాత్రం వినిపించింది.

"ఇక నావల్ల కాదు. చెప్పేస్తాను," అంది కోడలు. భర్త వద్దు వద్దని చేతులూపుతున్నా వినిపించుకోకుండా లోపలికి నడిచింది.

అక్కడి దృశ్యం చూసి నిలబడిపోయింది. అత్తగారు గట్టు దగ్గర నిలబడి, సీసాలోని పిండిని గబగబా చెంచాతో తోడి, ఒక చిన్న బుడ్డిలో పోసుకుంటోంది. కోడల్ని చూడగానే చెంచా జారి ఖంగుమని కింద పడింది.

"అత్తయ్యా, నేను మీకొకటి చెప్పాలి..."

"నువ్వేం చెప్పక్కర్లేదమ్మా. దొరికిపోయాను, నన్ను చెప్పనీ," అంది అత్తగారు. "నీమీద నమ్మకం లేక, వెళ్లేటప్పుడు నీకు తెలియకుండా సగం పిండి ఈ బుడ్డిలో పోసుకుని పట్టుకెళ్లాను. నువ్వు పాడుచేసినా నా దగ్గరొకటి ఉంటుందిలే అని."

"అది కాదత్తయ్యా, నేను..."

"ఉండమ్మా, ఇదొక్కటీ కక్కేస్తే నాకు మనసు తేలికపడుతుంది. అక్కడ అల్లుడుగారు ముచ్చటపడి అడిగారని ఆలివ్ రొట్టె చేశాను. కూతురితో కబుర్లలో పడి, ఇంత అనుభవం ఉండీ, పిడికెడు తీసిపెట్టకుండా మొత్తం కలిపేశాను! వచ్చేటప్పుడు దారి పొడుగునా నా ప్రాణాలు నా దగ్గర లేవనుకో. నీకు తెలియకుండా కాస్త తీసుకుని, ఏమీ జరగనట్టే ఉందామనుకున్నాను."

కోడలు వంగి, కింద పడ్డ చెంచా తీసింది.

అత్తగారు సీసాని ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా వాసన పీల్చింది. తర్వాత దాన్ని పసిపిల్లలా గుండెలకి హత్తుకుని, కోడలి చెయ్యి పట్టుకుంది.

"అదే వాసన, అచ్చం మా అత్తగారి నాటిదే! నేను పోగొట్టినా నువ్వు నిలబెట్టావు తల్లీ, ఇక మన ఇంటి పిండంటూ మిగిలింది ఈ సీసాలోదొక్కటే!"