నాలుగువేల పన్నెండో గొంతు

నలభై రోజుల మరమ్మతు ముగిసింది. ఉక్కు కర్మాగారంలో పెద్ద ఫర్నేసు మళ్ళీ వెలగాలి, కానీ అది మొండికేసింది. ఈ కాలపు ఫర్నేసులన్నిటిదీ ఒకటే పట్టు: లోపలికెళ్ళిన ప్రతి కాంట్రాక్టు కూలీ "బయటికొచ్చాను" అని సొంత గొంతుతో చెప్పాలి, పక్కనున్నవాళ్ళొకరు సాక్ష్యం పలకాలి.

"ఒక్క గొంతు తక్కువ. వెల్డర్ సన్యాసినాయుడు," అంది ఫర్నేసు.

సేఫ్టీ ఆఫీసర్ కనకరత్నం అతనికి ఫోను మీద ఫోను చేసింది. లోపలే చిక్కుకుపోయాడా? పదకొండోసారికి అతని ఫోను ఎవరో ఎత్తి అతని చెవికి ఆనించారు. వెనకాల సన్నాయి వినిపిస్తోంది.

"ఎక్కడున్నావయ్యా?"

"పెళ్ళిపీటల మీదున్నానమ్మా! ముహూర్తం దాటిపోతాదని చెప్పకుండా పరిగెత్తుకొచ్చీసినాను!"

కనకరత్నం ఏడుస్తూ, నవ్వుతూ ఫోను తీసుకెళ్ళి ఫర్నేసు మైకు దగ్గర పెట్టింది.

"బయటికొచ్చీసినాను తల్లీ!"

"సాక్షి ఎవరు?" అంది ఫర్నేసు.

పెళ్ళికూతురి గొంతు ఖంగుమంది. "నానున్నాను! నా నెత్తిమీద జీలకర్రబెల్లం ఎట్టి ఎదరే కూకున్నాడు. ఎక్కడికీ ఎల్లడు. బేగి ఎలిగించీయ్!"

ఫర్నేసు భగ్గుమంది. మిగతా నాలుగువేల పదకొండు మందీ ఈలలేశారు. సైరన్ ఊరంతా దద్దరిల్లేలా కూసింది. ఫోనులోంచి ఆ కూత విని, అక్కడ మేళగాళ్ళు ఇదే సైగ అనుకుని గట్టిమేళం అందుకున్నారు. పురోహితుడు నోరు తెరిచేలోపే సన్యాసినాయుడు తాళి కట్టేశాడు.