నాగజెముడు మీద గరుత్మంతుడు

"గరుత్మంతుడు నాగజెముడు మీద కూసునుడేంది, పర్వతాలూ?"

గుడి కమిటీ చైర్మన్ మల్లికార్జున్, అమ్మవారి కల్యాణం చీర కొంగు విప్పి పట్టుకుని అడిగాడు. చీర నేసిన పర్వతాలు వంగి చూశాడు. కొంగు మీద గద్ద ఉంది, దాని నోట్లో పాము ఉంది, జరీ మెరుపు ఉంది. కాళ్ళ కింద మాత్రం ముళ్ళ చెట్టు. ‘పామును పట్టిన గరుత్మంతుడు’ అని ఫోనునడిగితే మొదట వచ్చిన బొమ్మను ఆయన ఒక్క ముల్లు కూడా వదలకుండా నేశాడు.

నారాయణపేట చుట్టుపక్కల మగ్గాలకు కొదవ లేదు. కానీ తాత నాటి నుంచీ ఆ చీర ఈ ఇంటి మగ్గం మీదే దిగుతోంది. రేపే కల్యాణం. చీర వద్దంటే ఆ మర్యాద ఇక పక్కింటి మగ్గానిదే.

డిగ్రీ చదివే కూతురు శైలజ కొంగు చూసి తండ్రి చెవిలో గుసగుసలాడింది. "బాపూ, గిది మెక్సికోది. ఆడ పాతకాలంల అజ్టెక్‌లని ఉండె. గద్ద నాగజెముడు మీద కూసోని పామును తినేకాడ ఊరు కట్టుకోమని వాళ్ళ దేవుడు చెప్పిండట. గది మన గరుత్మంతుడు గాదు."

ఆ మాట పక్కనే కండెలకు నూలు చుడుతున్న భార్య గుర్వమ్మ చెవిలో కూడా పడింది.

మల్లికార్జున్ తిట్టలేదు. పర్వతాలుకు అదే ఎక్కువ భయమేసింది. చైర్మన్ చీరను ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. "రేపు ఊరంత వస్తది. గుడికి కొత్త ఇత్తడి తలుపులు గూడ రేపే తెరుస్తున్నం. ఎవలన్న అడిగితే ఏం జెప్పాలె? దీనికొక కథన్న ఉన్నదా?"

"లేకేంది అన్నా," అంది గుర్వమ్మ, చేతిలో పని ఆపకుండా. "గరుత్మంతుడు ఏనుగును, తాబేలును పట్టుకపోయి చెట్టు మీద వాలితే కొమ్మ ఇరిగింది గదా."

"ఇరిగింది."

"ఏ చెట్టు మీద వాలినా గంతే. ఆఖరికి కొమ్మలే లేని చెట్టు ఎతుక్కున్నడు. నాగజెముడుకు కొమ్మ యాడిది? దాని మీద కూసోని నిమ్మళంగ పామును తిన్నడు. గప్పుడు సామి మన పెద్దోళ్ళ కలలకొచ్చి, గా చెట్టు కాడనే గుడి కట్టుండ్రి, ఊరు కట్టుండ్రి అన్నడు. మా అవ్వ జెప్తుండె."

శైలజ చున్నీ నోట్లో కుక్కుకుంది. ఇంత సాఫీగా అబద్ధమాడే మనిషితోనా పాతికేళ్ళు కాపురం చేశాను అనుకున్నాడు పర్వతాలు.

మల్లికార్జున్ ముఖం వెలిగిపోయింది. "నిజమే చెల్లె. మా అవ్వ గూడ గిదే జెప్తుండె," అన్నాడు. అంతటితో ఆగక పూజారికి ఫోన్ కలిపి, కథంతా గుర్వమ్మ చేత మళ్ళీ చెప్పించాడు. "రేపు మైకుల గిట్లనే జెప్పాలె అయ్యగారూ. ఒక్క ముక్క గూడ పోవద్దు."

అంత హడావుడి ఎందుకో పర్వతాలుకు అర్థం కాలేదు. చీర నిలిచింది, అదే చాలనుకున్నాడు.

మర్నాడు మైకులో కథ వింటూ జనం చేతులు జోడించారు. ముందు వరుసలో కూర్చున్న గుర్వమ్మ కూడా కళ్ళు తుడుచుకుంది. కథ అయ్యాక మల్లికార్జున్ కొత్త తలుపుల మీద కప్పిన పట్టుగుడ్డ లాగేసి, వచ్చి పర్వతాలు పక్కన నిలబడ్డాడు.

రెండు తలుపుల మీదా గద్దలే. నోట్లో పాములు, కాళ్ళ కింద నాగజెముడు చెట్లు.

"పదిహేను రోజుల సంది గుడ్డ గప్పి పెట్టిన," అన్నాడు మల్లికార్జున్ మెల్లగా. "నా ఫోన్ల గూడ గా బొమ్మనే ముందుగాల వచ్చింది."