గుండెల మీద కూర్చున్నది

“పొద్దున్నే నాకంటే ముందు లేస్తావు. గుండెల మీద ఎక్కి కూర్చుంటావు. తిన్నది అరగనివ్వవు, పడుకుంటే కన్ను మూయనివ్వవు. నీకసలు పుట్టిల్లు లేదా తల్లీ?”

బస్సు డ్రైవరు మానసిక వైద్యురాలి ఎదుట తను రాసిన కవిత చదవడం ముగించాడు. పక్క కుర్చీలో కూర్చున్న భార్య ముఖం ఎర్రబడింది.

“విన్నారా డాక్టరుగారూ? బ్రేకులు పడక బస్సు గోడకు గుద్దుకుంది. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. అప్పట్నుంచీ ఈయన నాతో సరిగా మాట్లాడరు. మీరు కవిత రాయమనగానే అందులో నన్ను తిట్టిపోశారీయన.”

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. “నేను రాయమన్నది మీ మీద కాదమ్మా. ఆయన భయం మీద.”

“భయమా? ఈయనకా?” భార్య అతని వైపు తిరిగింది. “నా మీద అలిగారనుకున్నానే.”

“స్టీరింగు తలుచుకుంటేనే ఆ గోడ కళ్ళముందుకొస్తోంది. ఆ మాట నీకెలా చెప్పను?” అన్నాడు తల దించుకుని.

ఆమె అతని చేతిలోంచి కాగితం లాక్కుని, మొదటినుంచీ మళ్ళీ చదివింది.

“ఇదీ ఒక తిట్టేనా? తల్లీ గిల్లీ అంటూ బతిమాలుతున్నారు. ఈసారి ఆ భయం వస్తే, ఏ వేళైనా సరే, నన్ను లేపండి. ఇద్దరం కలిసి దులిపేద్దాం. తిట్టే విద్యలో మీరింకా ఒకటో తరగతే.”