పక్షుల లెక్క

"ఈ గీతలేమిటి?"

ఇరాకీ అధికారి నోటుపుస్తకాన్ని కారు కిటికీలోంచి డ్రైవర్ వెంకటరాముడి మొహం మీదికి తెచ్చాడు. సులైబియా రోడ్డు, ఆగస్టు ఎండ. కువైట్‌లోకి ఇరాక్ సైన్యం దిగి మూడు వారాలు. ముందు కారులోంచి దించినవాణ్ణి గోడకేసి మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. వాడి జేబులో దొరికింది ఒక్క చీటీ.

"పచ్చుల లెక్క, సయ్యిదీ. నన్ను పనిలో పెట్టుకున్న మా కఫీల్ బిడ్డ నూరా పాప యూనివర్సిటీలో అడవి జంతువుల సదువు సదువుతాంది. యాడ ఎన్ని వాలినాయో నేను గీతలు పెట్టుకొచ్చి ఇయ్యాల."

"పక్షుల్ని లెక్కపెట్టడం ఒక చదువా?"

"నేనూ అదే అంటి. ఉన్నోళ్ల సదువులు, మనకేం తెలుస్తాయి."

అధికారి నవ్వలేదు. "ఇప్పుడు యూనివర్సిటీ ఎక్కడుంది?"

"అది మూసినా పచ్చులు వాలేది మానవు గదా."

మాటైతే అన్నాడు గానీ, వీపు మీద చెమట కాలవ కట్టింది. ప్రతి పేజీలో పైన తేదీ, కింద పక్షుల బొమ్మలు. చిన్న పిట్ట ముందు గీత పెడితే లారీ, పెద్ద పిట్ట ముందు పెడితే ట్యాంకు. నూరా చెప్పింది అంతే. ట్యాంకులకు బాతు బొమ్మను ఎంచుకున్నది వెంకటరాముడే. నిన్నటికి నలభై మూడు బాతులు.

అధికారి కళ్లద్దాల సిపాయి ఒకణ్ణి పిలిచి పుస్తకం చేతిలో పెట్టాడు. "చూడు. వీడు చెప్పేది నిజమేనా?"

సిపాయి తుపాకీ భుజాన తగిలించుకుని తీరిగ్గా పేజీలు తిప్పాడు. బాతు బొమ్మ దగ్గర వేలు ఆగింది. తేదీ చూశాడు. వెంకటరాముణ్ణి చూశాడు. మళ్లీ తేదీ చూశాడు.

"నిజమే, సయ్యిదీ. పక్షుల లెక్క ఇలాగే రాస్తారు."

"ఖలాస్. పంపించెయ్," అని అధికారి వెనక లారీ వైపు నడిచాడు.

వెంకటరాముడు తాళం తిప్పబోయాడు. సిపాయి పుస్తకాన్ని అతని ఒళ్లో పడేసి, కిటికీ మీదికి వంగాడు.

"బస్రాలో నాదీ ఇదే చదువు, సదీక్," స్నేహితుణ్ణి పిలిచినట్టు అన్నాడు గొంతు తగ్గించి. "ఆగస్టులో ఈ గడ్డ మీద బాతు వాలదు. రేపట్నుంచి పిచ్చుకల్ని లెక్కపెట్టుకో."